మనుమని పుస్తకము నాయనమ్మకు చాలునా?

46, 80, 287 నంబరుల రహదారులు ఒండొంటిని ఒరసికొనుచు సాగిపోవు పార్సిప్పనీలో, 2020 జనగణన నాటికి 56,000 పైచిలుకు జనాభాగల ఆ న్యూజెర్సీ పట్టణమున, తెలుగువారి ఇండ్లయందు ఒక అభిప్రాయము ఎవరును ప్రశ్నింపని సత్యమువలె చలామణి యగుచున్నది. కొడుకో కూతురో గ్రీన్ కార్డుపై రప్పించుకొన్న తల్లికి గాని, తెలుగు మాధ్యమమున డిగ్రీ ముగించి హెచ్-4 వీసాపై భర్తవెంట వచ్చి, నోట మాట సాగక బెవర్విక్ రోడ్డులోని మన దుకాణములు దాటి అవతలకు పోవ జంకుచున్న కోడలికి గాని ఇంగ్లీషు చదువుట అలవరుపవలెనన్నచో, వేరే పుస్తకములతో పనిలేదనియు, ఇంటనున్న ఐదేండ్లవాడు లైబ్రరీనుండి తెచ్చుకొన్న బొమ్మల పుస్తకములే ఆమెకును చాలుననియు, పసివానికి సులువైనది పెద్దవారికి మరింత సులువు గాక తప్పదనియు ఆ అభిప్రాయ సారాంశము. "అమ్మా, వాడి పుస్తకాలే రోజూ ఓ రెండు చదువు. నీకూ ఇంగ్లీషొస్తుంది, వాడికీ కాలక్షేపం" అని ఆఫీసు బ్యాగు భుజమునకు తగిలించుకొనుచు కొడుకు చెప్పును. ప్రేమతో చెప్పిన మాట. పైకము ఖర్చులేని ఉపాయము. మనుమడు పక్కన చేరి కూర్చుండునను ఆశ యొకటి. ఇన్ని సుగుణములుగల మాటను ఖండింపబూనుట అప్రియమైన పనియే. అయినను ఆ మాట మొదలంట తప్పనియు, దానివలన ఎందరో తల్లులు తమకిక ఇంగ్లీషు రాదని తీర్మానించుకొని టీవీ ముందు చేరుచున్నారనియు నా వాదము.

పసివాని పుస్తకము ఎవరికొఱకు పుట్టినదో ముందు విచారింపుదము. ఇంగ్లీషు మాటలాడు ఇంట పుట్టిన బిడ్డ ఐదేండ్లు నిండి బడిలో అడుగిడునాటికి నాలుగైదు వేల మాటలు చెవిద్వారా సంపాదించుకొని యుండునని ఆ భాష నెఱిగిన పరిశోధకుల అంచనా. వానికి మాటలు తెలియును, తెలియనిది అక్షరము. కావున వానికొఱకు వ్రాయు రచయిత, తల్లి చెప్పగా, తోడిపిల్లలు అరవగా, స్నానపుతొట్టిలో ఆడుచుండగా వాడు వినియున్న మాటలనన్నిటిని నిస్సంకోచముగా వాడుకొనును. చప్పుళ్ళను, కూతలను, ముద్దుమాటలను, వంకరటింకర క్రియలను, ప్రాసకొఱకు పుట్టించిన అర్థరహిత శబ్దములను సైతము ధారాళముగా గుప్పించును. మన తల్లి స్థితి దీనికి సరిగా తలక్రిందులు. ఆమె ఆరవ తరగతిలోనే ఇంగ్లీషు అక్షరములు నేర్చినది. బస్సు బోర్డును, మందుసీసా పేరును కూడబలుకుకొని చదువగలదు. లోకమన్ననో, కొడుకుకంటె ఎక్కువయే చూచినది. ఆమెకు లేనివి మాటలు. మాటలున్నవానికి అక్షరము నేర్పుటకై కూర్చిన సాధనమును, అక్షరమున్నదానికి మాటలు నేర్పుటకై చేతికిచ్చుచున్నాము.

ఇది ఊహగా చెప్పిన మాట యనుకొనువారు 1963లో మారిస్ సెండాక్ ప్రచురించిన "వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్" అను ప్రసిద్ధ గ్రంథమును తెరచి చూడవచ్చును. పుస్తకమంతయు కలిపి నాలుగు వందల మాటలకు మించదు. ఒక్కొక్క పుటకు కొద్ది పంక్తులు, కొన్ని పుటలకు అవియును లేవు. అయినను ఆ కొద్ది మాటలలోనే వికృతజంతువులు పండ్లు కొఱుకుటకు "గ్నాష్" అను క్రియయు, అవి యెల్ల కలిసి గంతులువేసి రేపిన రభసకు "రంపస్" అను నామమును తగులుచున్నవి. పార్సిప్పనీ వీధులలో పదేండ్లు తిరిగినను, బ్యాంకులోగాని ఆస్పత్రిలోగాని పక్కింటివారితోగాని ఆ రెండు మాటలు వినుట దుర్లభము. ఆమె నిఘంటువు తెరచును. అందులోని అర్థమును చదువుటకు మరొక నిఘంటువు కావలసివచ్చును. 1952 నాటి "షార్లట్స్ వెబ్" ఇంకను రమణీయమైన కథ. అమెరికా బడిపిల్లలు తరతరములుగా కన్నీరు పెట్టుకొని చదివినది. కాని ఆ కథ కంతకును మూలమైన బక్కచిక్కిన పందిపిల్లకు వాడిన "రంట్" అను మాట ఆరంభముననే దారికడ్డముగా నిలిచియుండును. పశువులపాకలు, ధాన్యపుకొట్లు, పందుల తొట్లు, గడ్డివాము పరికరములు అచ్చటి పల్లెబిడ్డకు చిరపరిచితములు. కృష్ణాజిల్లా రైతుబిడ్డయైన తల్లికి ఆ వస్తువులన్నియు తెలియును, ఆ భాషలో వాని పేర్లు మాత్రము తెలియవు. పోనీ నేర్చుకొన్నదనుకొందము, 46వ నంబరు రహదారిపై వానితో ఆమెకేమి పని?

ఇచట ప్రతిపక్షులు డాక్టర్ సూస్‌ను రంగమునకు దింపుదురు. 1957 నాటి "ది క్యాట్ ఇన్ ది హ్యాట్"లో వేర్వేరు మాటలు 236 మాత్రమే యనియు, 1960లో వచ్చిన "గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్"లో సరిగా ఏబదియే యనియు వారు లెక్క చూపుదురు. లెక్క సరియైనదే. ఆ లెక్కవెనుక నున్న కథయును తెలిసికొనదగినది. అమెరికా బడులలో చప్పిడి వాచకములు పిల్లలకు చదువుపై విసుగు పుట్టించుచున్నవని 1954లో జాన్ హెర్సీ "లైఫ్" పత్రికలో గట్టిగా విమర్శించిన పిమ్మట, ఆరేండ్లవాడు చేతినుండి విడువని పుస్తకమును పరిమితమైన పదపట్టికతో వ్రాయుమని ఒక ప్రచురణకర్త సూస్‌ను పురికొల్పగా ఆ పిల్లి పుట్టినది. ఆరేండ్లవాడు విడువడు, నిజమే. కాని అందలి రసమంతయు అంత్యప్రాసలోను, అసంభవమైన చేష్టలలోను, ఇంగ్లీషు లయ చెవిలో పుట్టుకతో నిండియున్నవానికి కలుగు గిలిగింతలోను ఉన్నది. ఆ లయ చెవికి పట్టని యరువదేండ్ల స్త్రీకి, ఆకుపచ్చని గ్రుడ్లను పందిమాంసముతో తిందువా తినవా యని యొకడు మరొకని పుటలకు పుటలు వెంటాడుట యేల రుచించును? ఆమె శాకాహారి యైనచో మరి చెప్పనేల! మాటల సంఖ్య తగ్గినంత మాత్రమున పుస్తకము పెద్దలకు తగినది కాజాలదు.

పిల్లల పుస్తకములపై ముద్రించు లెక్సైల్ అంకెలను నమ్ముకొనువారు మరికొందరు. వాక్యముల నిడివిని, మాటలు భాషలో ఎంత తరచుగా వచ్చునో ఆ లెక్కను యంత్రమునకిచ్చి రాబట్టిన అంకె యది. ఆ యంత్రము 1939 నాటి స్టెయిన్‌బెక్ మహానవల "ది గ్రేప్స్ ఆఫ్ రాత్"కు ఏడువందలకు లోబడిన అంకెను, మన మనుమలు పకపక నవ్వుచు చదువుకొను "డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్"కు తొమ్మిదివందలకు పైబడిన అంకెను ఇచ్చినది. బడిపంతులకు ఆ అంకె వేరొక విధముగా ఉపకరించునేమో; పెద్దవారికొఱకు పుస్తకమును ఎన్నుకొనువారికి మాత్రము దానివలన దారితప్పుటయే ఫలము.

భాషనుగూర్చి ఇంతవరకు చెప్పితిని. విషయమునుగూర్చి చెప్పవలసినది ఇంతకంటె బరువైనది. "వేయిపడగలు" చదివిన కనులతో "బ్రౌన్ బేర్, బ్రౌన్ బేర్" చదువుమనుటలో నొక యవమానమున్నది. దానిని ఆమె పైకి చెప్పదు. కొడుకు నొచ్చుకొనునని నవ్వి యూరకుండును. గోధుమరంగు ఎలుగుబంటి యేమి చూచినదో తెలిసికొనవలెనను కుతూహలము ఆమెకు లేదు, ఉండనవసరమును లేదు. కుతూహలము లేనిచోట పుట తిరుగదు. పుటలు తిరుగనిచోట భాష రాదు.

పెద్దవారి చేత తగిన విషయముగల వాచకము పడినచో ఏమి జరుగునో తెలియుటకు అమెరికాలో వెదుకనక్కరలేదు. 1990వ దశాబ్దపు తొలియేండ్లలో నెల్లూరు జిల్లాలో "అక్షరదీపం" పేర అక్షరాస్యతోద్యమము నడచినపుడు, రాత్రిబడులకు వచ్చిన కూలిస్త్రీల చేతికి అందిన వాచకములో సీతమ్మ కథ యున్నది. సారాకు బానిసయైన భర్తవలన సంసారము చితికిన స్త్రీ, ఊరి ఆడువారితో కలిసి ఎదురునిలిచిన కథ యది. ఆ స్త్రీలు అప్పుడప్పుడే అక్షరములు కూడబలుకుకొనుచున్నవారు. వారికి "ఉడుత ఊయల ఊగెను" అను పాఠము సులువని యెవరైన తలచియుండవచ్చును. తలపనందున మేలైనది. ఆ పాఠము చదివి చర్చించిన ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీలు తమలో నొకరైన రోశమ్మ మొదలగువారి వెంట నడచి తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లానుండి రాష్ట్రమెల్ల ప్రాకినది. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. ఆ నిషేధము తరువాత సడలిన మాట నిజమే; ఉద్యమమునకు ఆ పాఠమొక్కటియే కారణమనియు నేననను. కాని చదువురాని స్త్రీ బుద్ధిలేని స్త్రీ కాదని ఆ వాచకము వ్రాసినవారు గుర్తెఱిగియుండిరి. ఆ గుర్తింపు పార్సిప్పనీలోని ఉన్నతవిద్యావంతులగు కొడుకులకు తమ తల్లుల విషయమున కొరవడుట వింతగా నున్నది.

ఇక రెండవపక్షమువారు. వీరు మొదటివారికంటె పండితులు. పిల్లల పుస్తకములు తగవని వీరును అంగీకరింతురు. కాని పెద్దవారికొఱకు పదముల సంఖ్యను కట్టడిచేసి వ్రాసిన గ్రేడెడ్ రీడర్లన్నచో ముక్కు చిట్లింతురు. "నీళ్ళు కలిపిన సాహిత్యము చదువుటకంటె చదువకుండుట మేలు, చదివినచో మూలమే చదువవలెను, లేదా రోజూ న్యూయార్క్ టైమ్స్ తిరగవేయవలెను" అని వీరి శాసనము. తాము మాత్రము బడిలో నాన్-డీటెయిల్డ్ పేర కుదించిన నవలలు చదివియే పరీక్షలు దాటినారన్న సంగతి మరచిపోవుదురు. చార్లెస్ లాంబ్, మేరీ లాంబ్ కలిసి 1807లో వచనమున చెప్పిన షేక్స్పియర్ కథలద్వారా కాక, ఆ మహాకవిని తొలుత మూలముననే కలిసికొన్న ఆంధ్రులెందరు? చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను విద్యార్థుల నిమిత్తము సంతరించినపుడు పంచతంత్రమునకు అపచారము జరిగినదని ఎవరును వాపోలేదు గదా.

అంతేకాదు, ఈ శ్రేణీవాచకముల చరిత్ర మన నేలకు దగ్గరిది. మైకేల్ వెస్ట్ అను నాంగ్లేయుడు అవిభక్త వంగదేశమున, ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేయుచు, బడిపిల్లలు ఏండ్లతరబడి ఇంగ్లీషు నేర్చియు ఒక పుస్తకమును సుఖముగా చదువలేకుండుటకు కారణము పిల్లల మందబుద్ధి కాదనియు, వారి వాచకములలో పంక్తిపంక్తికి క్రొత్తమాట వచ్చిపడుటయే యనియు కనిపెట్టెను. అరుదైన మాటను తీసి తరచుగా వినబడు మాటను పెట్టుట, క్రొత్తమాటలను ఎడమెడముగా చల్లి మరల మరల ఎదురగునట్లు చేయుట, ఇవి యాయన పాటించిన పద్ధతులు. 1926లో వెలువడిన తన గ్రంథమున ఆయన బీమాశాస్త్రమునుండి సరెండర్ వాల్యూ అను భావమును తెచ్చి విద్యకు అన్వయించెను: పాలసీ మధ్యలో మానివేసినవానికి తిరిగివచ్చు సొమ్మెంతయో, చదువు మధ్యలో మానినవానికి మిగులు ఫలమెంతయో విచారింపవలెనని. ఎల్.ఐ.సి. పాలసీ లేని తెలుగు ఇల్లు అరుదు గనుక ఈ మాట మనవారికి వివరింప నక్కరలేదు. సందర్శక వీసాపై వచ్చి ఆరునెలలకు తిరిగిపోవు తల్లి విషయమున ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో చూడుడు. ఆ ఆరునెలలు న్యూయార్క్ టైమ్స్‌తో కుస్తీపట్టినచో విజయవాడ చేరునాటికి ఆమెకు మిగులునది తలనొప్పి. నాలుగు వందల మాటలతో వ్రాసిన చిన్నపుస్తకములు పది చదివినచో, ఆ నాలుగు వందల మాటలు ఆమె సొత్తై ఊరికి వెంటవచ్చును.

నాలుగు వందల మాటలలో పెద్దవారికి చెప్పదగిన కథ యేముండునని యడుగుదురా? ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ వరుసలో మొదటి మెట్టునకు విధించిన మూలపదములు నాలుగు వందలు. రెండవ మెట్టునకు ఏడువందలు, మూడవదానికి వేయి, ఇట్లు పెరిగి ఆరవదానికి 2,500. ఆ మొదటి మెట్టుననే టిమ్ వికరీ వ్రాసిన "ది ఎలిఫెంట్ మ్యాన్" ఉన్నది. పుట్టిన కొన్నియేండ్లకే శరీరము వికృతముగా పెరిగి, సంతలలో చూపుడువస్తువై బ్రతికి, తుదకు ట్రీవ్స్ అను వైద్యుని యాదరణమున లండన్ ఆస్పత్రిలో నొక గదిని, కొందరు స్నేహితులను సంపాదించుకొని 1890లో మరణించిన జోసెఫ్ మెరిక్ జీవితమది. మనుష్యుడనగా నెవడు అన్న ప్రశ్నను ఆ చిన్నపుస్తకము నాలుగువందల మాటలతోనే అడుగుచున్నది. ఉపనిషత్తులు చదివినవారికిని అది చిన్న ప్రశ్న కాదు. అదే మెట్టున "లవ్ ఆర్ మనీ?" అను మరొకటి కలదు: ధనవంతురాలగు నొక స్త్రీ ఏబదవ పుట్టినరోజు విందు, ఆమె సొమ్ముపై కన్నువేసిన అయినవారు, నడుమ నొక మరణము. మన సీరియళ్ళలో అత్తాకోడండ్ల ఆస్తితగాదాలను ఏండ్లతరబడి శ్రద్ధతో పరిశీలించిన తల్లికి ఈ కథలో హంతకుని పట్టుకొనుట కష్టము కాదు. ఆమె పుటలు తిప్పును. తిప్పుచు, తనకు తెలియకయే, ఎవరు ఎప్పుడు ఎచట నుండిరో చెప్పు భూతకాల క్రియలను డజన్లకొలది జీర్ణించుకొనును.

మూలమే చదువవలెననువారికి మరొక్క మాట. చదువుచున్న పుటలో నూటికి తొంబదియెనిమిది మాటలు ముందే తెలిసియున్నచోగాని సాయము లేకుండ అర్థము సుగమము కాదని భాషాబోధన శాస్త్రమున ప్రసిద్ధుడైన పాల్ నేషన్, ఆయన సహపరిశోధకులు నిరూపించిరి. వార్తాపత్రికయందు ఆ నిష్పత్తి సిద్ధించుటకు ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబములు, అనగా రూపభేదములతో కూడిన మూలపదములు, వశమై యుండవలెనట. వేయి మాటలున్నవానిని తొమ్మిదివేల మాటల గుట్ట ఎక్కుమనుట ఉపదేశము కాదు, ఉపేక్ష. ఇక మందుచీటీలు, దరఖాస్తు ఫారములు చదువనేర్చిన చాలు, కథలెందులకనువారును కలరు. పౌరసత్వ పరీక్షలో సైతము చదువవలసినది మూడు వాక్యములలో నొక్కటి. దానికై పుస్తకము కూడ అక్కరలేదు. అంతటితో ఆగదలచినవారు ఆగవచ్చును. ఈ వ్యాసము వారినిగూర్చినది కాదు.

శ్రేణీవాచకములన్నియు వజ్రములని నేననుట లేదు. వానిలో పొట్టువంటివి బోలెడున్నవి. వాక్యము పొట్టిదైన చాలునని నమ్మిన రచయితలు "కాబట్టి", "అయినప్పటికి", "అందువలన" వంటి సంబంధక పదములను కత్తిరించివేయుదురు. అప్పుడు ఏది కారణమో ఏది కార్యమో పాఠకుడే ఊహించుకొనవలసివచ్చి, సులువుచేయబోయిన పుట మరింత కఠినమగును. మహానవలలను పిండి తొనలు పారవేసి తొక్కను మిగిల్చినవియు ఉన్నవి. కావుననే అట్టపై మెట్టు సంఖ్యను చూచి కొనుటవలన లాభములేదు. నడుమ పుటనొకదానిని తెరచి చదివించి చూడవలెను. ఆ పుటలో ఆమెకు తెలియని మాటలు రెండు మూడు మించినచో, మొగమాటము లేకుండ ఒక మెట్టు దిగవలెను. మెట్టు దిగుట ఓటమి యని తలచి పై మెట్టునకు ఎక్కించువారే నేను చూచినంతలో ఎక్కువ. ఎమ్‌సెట్ ర్యాంకుల సంస్కారము మనలను ఇచటనుగూడ విడువకున్నది. వేరొకరి కథ తిరిగి చెప్పినదానికంటె ఆ మెట్టుకొఱకే క్రొత్తగా పుట్టిన కథ బాగుండుట తరచు. 1999లో ఆరంభమైన కేంబ్రిడ్జి ఇంగ్లీష్ రీడర్ల వరుస పెద్దలకొఱకు అట్టి సొంతకథలనే వ్రాయించినది. నాలుగవ మెట్టు చేరినవారికి బుక్‌వర్మ్స్‌లోనే దక్షిణాసియా కథల సంపుటము "ల్యాండ్ ఆఫ్ మై చైల్డ్‌హుడ్" ఉన్నది. అందలి ఇండ్లు, వంటలు, బంధుత్వములు ఆమెకు ముందే తెలిసినవి గనుక తెలియని మాటకు సందర్భమే అర్థము చెప్పును.

పార్సిప్పనీలో పుర గ్రంథాలయము హాల్సీ రోడ్డుపై ఉన్నది. మౌంట్ టేబర్‌లోను, లేక్ హయావతాలోను దాని శాఖలున్నవి. లేక్ హయావతా శాఖ యున్న వీధి పేరు నకోమిస్ అవెన్యూ. 1855 నాటి లాంగ్‌ఫెలో కావ్యములో హయావతాను పెంచి పెద్దచేసి, నక్షత్రముల కథలు చెప్పిన అమ్మమ్మ పేరది. అమ్మమ్మ పేరు పెట్టిన వీధిలోని గ్రంథాలయమునకు పోయి, అమ్మమ్మలు మోకాళ్ళనొప్పులతో వంగి, పిల్లల గదిలోని మోకాలెత్తు అలమరలలో వెదకుకొనుచుండుట న్యాయము కాదు. పెద్దల విభాగములో ఇంగ్లీషు నేర్చువారి అర యెచటనో కౌంటరులో అడిగినచో చూపుదురు. అచట లేని పుస్తకమును మరియొక యూరి గ్రంథాలయమునుండి తెప్పించి యిచ్చు ఏర్పాటును ఈ దేశమున ఉన్నది.

మనుమనితో గడుపు ఆ సాయంకాలము పోవునే యని బెంగపడువారికి సమాధానము సులభము. వాని పుస్తకమును వాడే బిగ్గరగా చదువుగాక, నాయనమ్మ వినుగాక. వినుటకు పిల్లల పుస్తకము మంచిదే, బొమ్మలు చూపి వాడే అర్థము చెప్పును, గురువైన గర్వమును వానికి దక్కును. ఆమె యొంటరిగా కూర్చుండి చదువుకొనునది మాత్రము ఆమె యెన్నుకొన్నదై యుండవలెను. శనివారమున కారులో తీసికొనిపోవుట వరకే కొడుకు పని. నాలుగు తెచ్చుకొని, పది పుటలు చదివి, మూడు నచ్చలేదని ఆమె తిరిగి యిచ్చివేసినను అతడు కిమ్మనరాదు. ఆ నాలుగవది హంతకుని కథయైనను, ప్రేమకథయైనను సరే.